గోల్డ్‌ఫిష్‌లు పైకి తేలి నోరు ఆడిస్తున్నాయి, ఏం చెయ్యాలి?

అడిగినవారు: పాలకొల్లు గృహిణి

40 లీటర్ల తొట్టి, మూడు గోల్డ్‌ఫిష్‌లు. ఆదివారం పాచి పట్టిందని తొట్టంతా ఖాళీ చేసి, గులకరాళ్లు, ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద శుభ్రంగా కడిగి కొత్త నీళ్లు పోశాను. కాలవలు కట్టేసిన రోజులు కదా, కుళాయి నీళ్లు బ్లీచింగ్ వాసన కొడుతున్నాయి. బుధవారం నుంచి మూడూ పైకొచ్చి నోళ్లు ఆడిస్తున్నాయి. పెద్దదానికి తోకలో ఎర్రటి గీతలు. ఇంకోదానికి చెంపల మీద తెల్లటి చుక్కలు. "అమ్మవారు పోసింది, వేపాకు వెయ్యి" అంటున్నారు మా అత్తగారు. షాపులో ఇచ్చిన నీలం మందు పది చుక్కలు వేశాను, నీళ్లు నీలమయ్యాయి గానీ ఏం గుణం లేదు. పాప లేచింది మొదలు తొట్టి దగ్గరే. చాలా టెన్షన్‌గా ఉంది.

ఉండి రొయ్యల రైతు

అమ్మా, మా చెరువులో సరుకు తేలితే ముందు నీళ్లు పరీక్ష చేయిస్తాం, మందు తర్వాత. చేప మొప్పల్లోంచి, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా వస్తుంది, అది చేపకి విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా మీ స్పాంజిలోనే కాపురం ఉంటుంది. ఆ స్పాంజిని క్లోరిన్ నీళ్లతో కడిగేశారు, బ్యాక్టీరియా పోయి అమ్మోనియా పేరుకుని ఉంటుంది. మిగిలిన కాస్తనీ ఆ నీలం మందు దెబ్బతీసి ఉంటుంది.

సీసా నిండా తొట్టి నీళ్లు పట్టి దగ్గర్లోని ఆక్వా ల్యాబ్‌కి పంపండి. చెరువు నీళ్లే తేవాలని రూలేం లేదు, మా బావమరిది ఓసారి బావి నీళ్లు పట్టుకెళ్లాడు. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ చూడమనండి. ఈలోగా రెండ్రోజులు మేత ఆపండి, పస్తుంటే చేపకేం కాదు. గాలి మోటారు పెట్టండి. రోజూ మూడో వంతు నీళ్లు మార్చండి, కొత్త నీళ్లలో క్లోరిన్ విరిచే థయోసల్ఫేట్ కలిపాకే పొయ్యండి. వేపాకు వద్దు.

రాజమండ్రి నుంచి

ఆ చుక్కలు మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచు మీద మాత్రమే వరసగా ఉంటే అది మగ చేప, జత కట్టే కాలం వచ్చింది. జబ్బు కాదు. ఒళ్లంతా ఉప్పు చల్లినట్టుంటే అప్పుడు తెల్లమచ్చల రోగం. లీటరుకి గ్రాము చొప్పున రాళ్లుప్పు వెయ్యండి, అమ్మోనియాని పీల్చుకోడానికి చెరువులకి వాడే జియోలైట్ అనే ఖనిజం కూడా ఓ గుప్పెడు.

ఉండి రొయ్యల రైతు

రెండూ కలిపి వద్దు బాబూ. జియోలైట్ పట్టుకున్న అమ్మోనియాని ఉప్పు మళ్లీ నీళ్లలోకి వదిలేస్తుంది. ఉప్పు ఒక్కటే చాలు. నైట్రైట్ ఉన్నా మొప్పల్లోకి పోకుండా అడ్డుకుంటుంది. రోజూ తీసిన నీళ్లకి సరిపడా ఉప్పే మళ్లీ వెయ్యండమ్మా, లేకపోతే పేరుకుపోతుంది.

పాలకొల్లు గృహిణి

ల్యాబ్ కుర్రాడు నవ్వాడు గానీ చేసిపెట్టాడు. అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు), పీహెచ్ 8.2. చుక్కలు చెంపల మీదే ఉన్నాయి, అత్తగారికి చెప్తే "మగాడా!" అని ఒకటే నవ్వు. ఐదు రోజులుగా నీళ్లు మారుస్తున్నాను, తేలడం తగ్గింది, ఎర్ర గీతలు పలచబడ్డాయి. కానీ ఇవాళ పెద్దదాని రెక్కల చివర్లు నల్లబడ్డాయి. కుళ్లిపోతోందా?

ఉండి రొయ్యల రైతు

ల్యాబ్ వాళ్లు చెప్పిన 2 మొత్తం అమ్మోనియా లెక్క అయితే ఆ పీహెచ్‌కి, ఈ ఎండలకి ఎక్కువే, పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అందులో విషం భాగం పెరుగుతుంది. నలుపు మాత్రం అమ్మోనియాకి కాలిన చోటు మానేటప్పుడు వచ్చేదే. రెక్క అంచు చిరగకుండా, దూది పట్టినట్టు లేకుండా ఉంటే భయం లేదు. ఆ స్పాంజిని ఇక కుళాయి కింద పెట్టకండి, తీసిన తొట్టి నీళ్లలోనే పిండండి. బ్యాక్టీరియా మళ్లీ నిలదొక్కుకోవడానికి నెల పైన పడుతుంది. అప్పటిదాకా రోజుకి రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వెయ్యండి, పాపకి డబ్బా అందకుండా పెట్టండి.