టీబీ డబ్బు ఎక్స్‌రే మిషన్లకా, పప్పూ బియ్యానికా?

గోదారిగట్టు:
2025 కల్లా దేశంలో టీబీ లేకుండా చేస్తామని 2018లో ప్రధాని ఢిల్లీలో ప్రకటించారు, అదీ ప్రపంచం పెట్టుకున్న గడువు కంటే ఐదేళ్లు ముందుగా. ఆ గడువు దాటిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో మన దేశంలో 2015లో లక్ష మందికి 237 కొత్త కేసులుంటే 2024లో 187. తగ్గలేదని అనను, ప్రపంచ సగటు కంటే వేగంగానే తగ్గింది. కానీ తగ్గాల్సింది 80 శాతం, తగ్గింది 21. ఇంకా ఏడాదికి మూడు లక్షల మంది దాకా పోతున్నారు.

నేననేది ఏంటంటే, రోగితో పాటు ఆ ఇంట్లో అందరికీ తిండి పెట్టండి, డబ్బు ముందు అక్కడ ఖర్చు చేయండి. జార్ఖండ్‌లో 2019-22 మధ్య ‘రేషన్స్’ అని ఒక అధ్యయనం జరిగింది. 2,800 మంది రోగుల ఇళ్లు తీసుకుని, రోగులందరికీ సరుకులు ఇచ్చారు, సగం ఇళ్లలో మాత్రం మిగతా వాళ్లకి కూడా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. అలా ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. పప్పన్నంతో! పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని బీసీజీ టీకా ఆపలేదని పక్కనే తమిళనాడు చెంగల్పట్టులో లక్షల మంది మీద ఎప్పుడో తేలిపోయింది కదా, మరి చేతిలో ఉన్నదాన్ని వాడుకోవడానికేం?

స్లైడుపెట్టె:
గోదారిగట్టు గారూ, ఆ అధ్యయనం మంచిదే, కాదనడానికేం లేదు. కానీ రోగి దొరికితే కదండీ ఆ ఇంటికి బియ్యం పంపేది? 2019-21 జాతీయ టీబీ సర్వే చూడండి. లక్షణాలున్న వాళ్లలో దాదాపు 64 శాతం మంది అసలు ఎక్కడా చూపించుకోలేదు. ఇంకోటి, ఎక్స్‌రే తీయకుండా దగ్గుందా, జ్వరముందా అని అడిగి వదిలేసి ఉంటే పరీక్షలో తేలిన కేసుల్లో 42 శాతానికి పైగా చేజారిపోయేవి. అంటే దగ్గు లేకుండా పొలానికి, డ్యూటీకి వెళ్తున్న వాళ్లన్నమాట. అందుకే ఎక్స్‌రే మిషన్ ఊళ్లోకి రావాలి అంటాను. గళ్ల (కఫం) పరీక్ష డబ్బా చేతికిచ్చి రేపు పొద్దున తెమ్మంటే చాలామంది ఉత్త ఉమ్మి పట్టుకొస్తారు, ఆ శాంపిల్‌తో ల్యాబ్‌లో మేమేం తేల్చాలి?

తిండి గురించి ఇంకో మాట. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి టీబీ ఆసుపత్రుల్లో (శానిటోరియాల్లో) ఒకప్పుడు మంచి గాలి, మంచి భోజనం, విశ్రాంతి, ఇదే వైద్యం. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో కొందరిని శానిటోరియంలో, కొందరిని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి ఒకే మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లకి తిండి తక్కువ, పని ఎక్కువ, అయినా దాదాపు అంతే బాగా నయమైంది. మందే కదా గెలిచింది.

గోదారిగట్టు:
మద్రాసు వాళ్లు తేల్చింది జబ్బు వచ్చినవాడికి మందుతో నయమవుతుందా అని. జార్ఖండ్ వాళ్లు అడిగింది జబ్బు రానివాడికి రాకుండా ఆపొచ్చా అని. ఆ జవాబు తెచ్చి ఈ ప్రశ్నకి అతికిస్తే ఎలా? క్రిమి ఒంట్లో ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు అది లేచే అవకాశం ఎక్కువ.

కొత్తచెప్పులు:
మరి టీబీ రిస్కు పెంచే షుగర్ సంగతో? తాగుడు, బీడీ? మన రెండు రాష్ట్రాల్లో ఇంటికో షుగర్ పేషెంట్ ఉన్నారు, వాళ్లకీ బియ్యమేనా 😀

బస్టాండ్_బాబు:
అన్నలూ, నేను కోర్సు మొత్తం వాడినవాణ్ణి, నా మాట కూడా వినండి. దగ్గు మొదలైతే ఒక ప్రైవేట్ క్లినిక్‌లో సిరప్ మీద సిరప్ రాశారు, ఎక్స్‌రే మాటే లేదు. బరువు 41కి పడిపోయాక గవర్నమెంట్ దాంట్లో పరీక్ష చేస్తే పాజిటివ్. పొద్దున్నే పరగడుపున మూడు పెద్ద మాత్రలు, మూత్రం ఎర్రగా వస్తే రక్తం పోతోందని మా అమ్మ ఏడుపు. అది మందు రంగేనని ఎవరూ ముందు చెప్పలేదు. రోగి తిండికని ప్రభుత్వం ఇచ్చే పోషణ డబ్బు అప్పట్లో నెలకి 500, ఆధార్ లింక్ సరిగ్గా లేదని ఆగిపోయి నా మందులైపోయాక పడింది.

అసలు సంగతి వేరే. హైదరాబాద్‌లో ఒక్క రూమ్‌లో ఐదుగురం, ఒకే కిటికీ, అదీ పక్క గోడ వైపు. నా రేషన్ కార్డు ఊళ్లో. మీరు ‘ఇంట్లో వాళ్లకి’ అని సరుకులిస్తే అవి ఊళ్లో మా అమ్మానాన్నలకి వెళ్తాయి, నా పక్కన పడుకున్న నలుగురికీ ఏం అందదు. వాళ్లని పరీక్షకి రమ్మని ఎవరూ పిలవలేదు, నేనే చెప్పాల్సి వచ్చింది. చెప్పాక ఒకడు రూమ్ ఖాళీ చేసి వెళ్లిపోయాడు, పరీక్ష మాత్రం చేయించుకోలేదు.

స్లైడుపెట్టె:
బాబూ, నువ్వు చెప్పింది మా ఇద్దరి వాదనకీ దెబ్బే. ఫారంలో కుటుంబ సభ్యుల వివరాలు రాసుకుంటారు, రూమ్మేట్ల పేర్లు అడిగేవాళ్లు తక్కువ.

గోదారిగట్టు:
నా వాదనకి దెబ్బేం కాదండీ. కార్డు చూసి కాకుండా ఎవరు ఎక్కడ పడుకుంటున్నారో చూసి సరుకులివ్వాలి, అంతే. 2024 నవంబర్ నుంచి డబ్బు నెలకి వెయ్యి చేశారు, మంచిదే, కానీ అది రోగి ఒక్కడి పేరు మీదే. ఆ వెయ్యితో ఇల్లంతా తింటుంది, రోగికి మిగిలేది ఎంత?

స్లైడుపెట్టె:
అదే జార్ఖండ్ లెక్క ప్రకారం ఒక్క కేసు ఆపాలంటే సుమారు 30 ఇళ్లకి సరుకులివ్వాలి. మా మండలంలో ఉన్న వాహనం ఒక్కటి, అది కూడా పల్స్ పోలియోకి, ఎన్నికలకి పోతుంది. ఆ 30 ఇళ్లకి బియ్యం ఎవరు మోస్తారో చెప్పండి, ఆశా వర్కరేనా మళ్లీ?

గోదారిగట్టు:
రేషన్ షాపులు ఊళ్లలో ఉన్నాయి కదా, అక్కడికి చేరే బియ్యంతో పాటు పప్పు కూడా పంపొచ్చు. ఆశా ఎందుకు మోయాలి?

బస్టాండ్_బాబు:
షాపులో ‘టీబీ ఇంటివాళ్లు’ అని వేరే లైన్ పెట్టనంటేనే నేను మీ వైపు అన్నా.