శిక్ష పడినవాళ్ళు మళ్ళీ ఎన్నికల్లో నిలబడొచ్చా? మీ మాట చెప్పండి

బీచ్‌రోడ్ వాకర్:
రోజూ పొద్దున్న ఆర్కే బీచ్‌లో వాకింగ్ అయ్యాక కాళీమాత గుడి దగ్గర కాసేపు కూర్చుంటాం. నిన్న ఈ విషయం మీద మాటామాటా పెరిగి ఒకాయన అలిగి వెళ్ళిపోయారు, నాకూ రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. కోర్టులో నేరం రుజువై జైలుకి వెళ్ళొచ్చినవాడికి మళ్ళీ పోటీ చేసే హక్కు ఉండాలా? నన్నడిగితే జన్మలో ఉండకూడదు. నేను 31 ఏళ్ళు ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేశాను. మా అటెండరు ఒకతను లంచం కేసులో దొరికి శిక్ష పడితే ఉద్యోగం పోయింది, పెన్షన్ రాలేదు, కూతురి పెళ్ళి ఆగిపోయింది. ఎమ్మెల్యేకి అయితే జైలు నుంచి వచ్చాక 6 ఏళ్ళు ఆగితే చాలట! జీవితకాల నిషేధం కావాలని సుప్రీంకోర్టులో 2016లో పిటిషన్ పడితే, అది పార్లమెంటు తేల్చుకోవాల్సిన విషయమని 2025 ఫిబ్రవరిలో కేంద్రం చెప్పింది. అటెండరుకో న్యాయం, నాయకుడికో న్యాయమా?

గాజువాక ఉక్కు బిడ్డ:
పెద్దాయన గారూ, మీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని రోడ్డెక్కినవాళ్ళలో 32 మంది కాల్పుల్లో పోయారు. మా నాన్న అప్పుడు కాలేజీ కుర్రాడు, లాఠీ దెబ్బలు తిని లాకప్‌లో ఉన్నాడు. ఆ రోజు ఆయన మీద కేసు పెట్టి మూడేళ్ళు వేసి ఉంటే ఆయన నేరస్తుడైపోతాడా? ఇప్పుడు ప్లాంటు అమ్మొద్దని 2021 నుంచి ధర్నాలు చేస్తున్నవాళ్ళలో మా పక్కింటాయన మీద కూడా కేసు ఉంది. రాహుల్ గాంధీ విషయం చూడండి, నేను ఆ పార్టీ కాదు. సూరత్ కోర్టు 2023 మార్చి 23న పరువునష్టం కేసులో 2 ఏళ్ళు వేసింది, మర్నాడే ఎంపీ పదవి పోయింది. ఒక్క రోజు తగ్గించి వేసినా పోయేది కాదు. ఆగస్టు 4న సుప్రీంకోర్టు స్టే ఇస్తే గానీ సీటు తిరిగి రాలేదు. స్టే రాని మామూలు మనిషి పరిస్థితేంటి, మీరే చెప్పండి.

నల్లకోటు:
విశాఖ కోర్టులో ప్రాక్టీసు నాది. ఇద్దరూ రెండు వేరు సంగతులు కలిపేస్తున్నారు కాబట్టి చెప్తున్నా. కేసు ఉండటం వేరు, శిక్ష పడటం వేరు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ శిక్ష పడినవాళ్ళకే వర్తిస్తుంది. మామూలు నేరాలకి 2 ఏళ్ళు, అంతకు మించి పడితే అనర్హత. లంచం, మాదకద్రవ్యాలు, రేప్, భార్యని హింసించడం (498ఎ) లాంటి వాటికి ఆ రెండేళ్ళ లెక్క లేదు, ఉత్త జరిమానా పడినా 6 ఏళ్ళు అవుట్. పదవిలో ఉన్నవాళ్ళకి అప్పీలు వేసుకోడానికి 3 నెలల వెసులుబాటు ఉండేది, లిల్లీ థామస్ కేసులో 2013 జులైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

నా బాధ వేరే. 2024లో గెలిచిన 543 మంది ఎంపీల్లో 251 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని వాళ్ళే అఫిడవిట్లో రాశారు. వాళ్ళలో ఎంతమంది కేసు తీర్పు దాకా వస్తుంది? వాయిదాలు, సాక్షులు మాట మార్చడం, ఫైలు కదలకపోవడం, ఇవన్నీ రోజూ కళ్ళారా చూస్తున్నాను. విచారణ ఖైదీ జైల్లోంచి ఓటు వెయ్యలేడు, పోటీ మాత్రం చెయ్యొచ్చు, 2024లో ఇద్దరు జైల్లో ఉండే ఎంపీలయ్యారు కూడా. జీవితకాల నిషేధం పెడితే అది ఎవరికి తగులుతుందంటే, లాయరుకి ఫీజు కట్టలేక తొందరగా శిక్ష పడినవాడికి. డబ్బున్నవాడి కేసు పాతికేళ్ళు నడుస్తుంది. ఇంకో సంగతి, 11వ సెక్షన్ కింద ఎన్నికల సంఘం అనర్హత కాలాన్ని తగ్గించొచ్చు. సిక్కిం ముఖ్యమంత్రి ప్రేమ్‌సింగ్ తమాంగ్ అవినీతి కేసులో ఏడాది జైలు చేసి 2018లో బయటికొస్తే, 6 ఏళ్ళని 2019లో 1 సంవత్సరం 1 నెలకి తగ్గించారు. అప్పటికే ఆయన కుర్చీలో ఉన్నారు.

కంచరపాలెం కోడలు:
లాయరు గారూ, చట్టం బాగా చెప్పారు. నేను నా సంగతి చెప్తాను. మా ఆయన పోయాక 150 గజాల స్థలం ఒక్కటే మాకు మిగిలింది. ఒకతను రాత్రికి రాత్రి ప్రహరీ కట్టేశాడు, అడిగితే మా తమ్ముడి చెయ్యి విరగ్గొట్టాడు. 9 ఏళ్ళు కోర్టు చుట్టూ తిరిగాను, పిల్లల్ని పక్కింట్లో వదిలి. ఆఖరికి శిక్ష పడింది. బయటికొచ్చాడు, ఇప్పుడు వీధిలో ఫ్లెక్సీలు, పుట్టినరోజుకి అన్నదానాలు, వచ్చే ఎన్నికల్లో టికెట్ తనదే అంటున్నారు. అతను గెలిస్తే రేపు నాకు నీళ్ళ కుళాయి కావాలన్నా అతని సంతకమే కావాలి. ఆ గుమ్మం నేనెలా ఎక్కుతానండీ? జైలు చేసి వచ్చాడు కదా, శిక్ష అయిపోయింది కదా అంటారు. బతకనివ్వండి, పని చేసుకోనివ్వండి, వద్దనను. నా మీద పెత్తనం మాత్రం ఇవ్వొద్దు.

బీచ్‌రోడ్ వాకర్:
అమ్మా, నేను చెప్పలేక తిరుగుతున్న మాట మీరు చెప్పారు.

పాడేరు పిల్ల:
ఇక్కడ రాయాలా వద్దా అని మధ్యాహ్నం నుంచి ఆలోచిస్తున్నాను. మద్దిలపాలెంలో హాస్టల్లో ఉంటూ పని చేస్తున్నాను, మా ఊరు పాడేరు పైన. మా అన్నకి 21 ఏళ్ళప్పుడు, తోటల్లో కూలి దొరకని నెలల్లో, బస్తా మోసి కింద రోడ్డు దాకా చేరిస్తే 5 వేలు ఇస్తామన్నారు. నర్సీపట్నం చేరకముందే దొరికిపోయాడు. 20 కేజీలు దాటితే గంజాయి కేసులో 10 ఏళ్ళకి తక్కువ వెయ్యరు, పైన లక్ష జరిమానా. అడవివరం సెంట్రల్ జైలుకి అమ్మ ములాఖత్‌కి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి, ఏడాదికి రెండుసార్లే వెళ్ళగలిగింది. బస్తా కొన్నవాడి పేరు పక్కన ఛార్జిషీటులో 'పరారీ' అని ఉంది, ఇప్పటికీ పరారీనే.

అన్న జైల్లో పదో తరగతి పాసయ్యాడు. వచ్చాక ఊరికి ఊటనీళ్ళ పైపులైను కోసం అర్జీలన్నీ తనే రాస్తున్నాడు. మా వాళ్ళే 'నువ్వు నిలబడరా' అంటున్నారు. కంచరపాలెం అక్కా, మీ స్థలం తీసుకున్నవాడూ మా అన్నా కాగితం మీద ఒకటే, ఇద్దరూ శిక్ష పడినవాళ్ళే.

కంచరపాలెం కోడలు:
లేదు తల్లీ, ఒకటి కాదు. నేను రాసింది చదివి నువ్వు బాధపడ్డావేమో, నీ అన్న గురించి కాదు ఆ మాట.

బీచ్‌రోడ్ వాకర్:
పొద్దున్న నుంచి మూడుసార్లు చదివాను. జన్మలో ఉండకూడదు అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, పూర్తిగా కాదు. పదవిలో ఉండి ప్రజల సొమ్ము తిన్నవాడు, బలం చూపించి ఇంకొకరి ఆస్తి లాక్కున్నవాడు మళ్ళీ అధికారంలోకి రాకూడదు అనే ఇప్పటికీ అంటాను. పొట్టకూటికి బస్తా మోసిన పిల్లాడిని వాళ్ళతో ఒక గాటన కట్టడం తప్పే. లాయరు గారూ, నేరాన్ని బట్టి గడువు వేరువేరుగా పెట్టే వీలుందా?

నల్లకోటు:
పార్లమెంటు తల్చుకుంటే పెట్టొచ్చు, 8వ సెక్షన్లో ఇప్పటికే నేరాలని విడదీశారు కదా. పెద్ద నేరాల్లో కోర్టు అభియోగాలు ఖరారు చేసిన దశలోనే పోటీ ఆపాలని లా కమిషన్ 2014లో 244వ నివేదికలో చెప్పింది, అందులో అబద్ధపు కేసుల నుంచి కాపాడే షరతులు కూడా ఉన్నాయి. కోర్టు తనంతట తాను కొత్త అనర్హత పెట్టలేదని 2018లో సుప్రీంకోర్టే అంది. నా వరకు, అధికారంతో చేసిన నేరానికీ అవసరంతో చేసిన నేరానికీ గడువు ఒకటే ఉండకూడదు. కంచరపాలెం చెల్లెమ్మా, అతను నామినేషన్ వేసిన రోజు అఫిడవిట్ చూడండి, శిక్ష దాచితే అభ్యంతరం నేను రాసిస్తాను, ఫీజు అక్కర్లేదు.

గాజువాక ఉక్కు బిడ్డ:
పాడేరు చెల్లీ, అన్న నిలబడుతున్నాడా మరి?

పాడేరు పిల్ల:
ఇంకా ఏమీ అనలేదు. సోమవారం పాడేరు కలెక్టరేట్‌లో పైపులైను అర్జీ మళ్ళీ ఇవ్వాలట, ముందు అది చూద్దాం అన్నాడు.