కాన్పులో బీపీ, తర్వాత కిడ్నీ దెబ్బ: మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఇలా జరిగిందా?

ఎమ్మిగనూరు అన్న:
మా చెల్లెలికి ఎనిమిదో నెలలో బీపీ 170/110. తలనొప్పి, కళ్ళు మసకలు అంటే 108లో కర్నూలు తీసుకొచ్చాం. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. పాప బాక్సులో ఉంది, బాగానే ఉందన్నారు. మరుసటి రోజు నుంచి చెల్లెలికి యూరిన్ తగ్గిపోయింది. రాత్రంతా బ్యాగు చూస్తూ కూర్చున్నా, తెల్లారేసరికి అడుగున టీ డికాక్షన్ లాగా కొంచెం, అంతే. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) 3.6. డయాలసిస్ చేయాలంటున్నారు. ఇక జీవితాంతం చేయించాల్సిందేనా? అమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టలేదు.

ప్రొద్దుటూరు అక్క:
తమ్ముడూ, ముందు అమ్మతో నాలుగు ముద్దలు తినిపించు. నాకూ ఇదే జరిగింది. నాకు ప్లేట్‌లెట్లు కూడా పడిపోయాయి, లివర్ రిపోర్టు పెరిగింది, హెల్ప్ సిండ్రోమ్ అన్నారు. మెడ దగ్గర ట్యూబు పెట్టి నాలుగుసార్లు డయాలసిస్ చేశారు. తొమ్మిదో రోజు బ్యాగు నిండితే మా ఆయన వరండాలో నిలబడి ఏడ్చేశాడు. మూడు నెలలకు క్రియాటినిన్ 0.9. డయాలసిస్ అంటే అందరికీ జీవితాంతం అని కాదు.

లేబర్ రూమ్ సిస్టర్, అనంతపురం:
అక్క చెప్పింది నిజం. ఈ బీపీలో సన్న రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, కిడ్నీకి రక్తం సరిగ్గా అందదు. కాన్పు అయ్యాక చాలామందిలో మెల్లగా కోలుకుంటుంది. మాయ ముందే విడిపోయి రక్తం బాగా పోయిన కేసుల్లో మాత్రం కిడ్నీ బయటి పొర చచ్చిపోయే ప్రమాదం ఉంది, వాళ్ళకు కోలుకోవడం కష్టం. అన్నా, మీ చెల్లెలికి బ్లీడింగ్ ఎంతయిందో డాక్టర్ గారిని అడగండి.

ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం ఇంజెక్షన్ కూడా మూత్రంలోనే బయటికి పోవాలి. మూత్రం గంటకు 30 ఎంఎల్ కన్నా తగ్గితే ఆ మందు ఒంట్లో పేరుకుంటుంది, ఊపిరి కూడా మందగించవచ్చు. మేం మాటిమాటికీ మోకాలి మీద సుత్తితో తట్టి చూసేది అందుకే. మీరు ఊరికే విసిగిస్తున్నామనుకుంటారు. ఇంకో మాట, కుట్లు నొప్పిగా ఉన్నాయని బయట మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కొచ్చి వేయకండి. దెబ్బతిన్న కిడ్నీకి అది ఇంకో దెబ్బ.

బద్వేలు నుంచి:
నా బాధ చెప్పుకుంటా. మా ఆవిడకు ఏడో నెలలో క్రియాటినిన్ 1.2 వచ్చింది. ల్యాబ్ కాగితం మీద పక్కన నార్మల్ అని రాసుంది, చూపించిన చోట కూడా ఏం కాదన్నారు. పది రోజులకే గుర్రపువాతం (బీపీతో వచ్చే ఫిట్స్) వచ్చి పళ్ళు కరుచుకుంది. అది నార్మల్ కాదని తర్వాత తెలిసింది.

లేబర్ రూమ్ సిస్టర్:
కాదన్నా. కడుపుతో ఉన్నప్పుడు కిడ్నీలు ఎక్కువ పని చేస్తాయి, అందుకే క్రియాటినిన్ తగ్గి 0.4 నుంచి 0.8 మధ్యలో ఉంటుంది. బీపీ ఉన్న గర్భిణికి 1.1 దాటిందంటే కిడ్నీ మీద పడినట్టే లెక్క. ల్యాబ్ వాళ్ళు వేసేది మామూలు మనుషుల లెక్క. ఇప్పుడు వదిన ఎలా ఉంది?

బద్వేలు నుంచి:
బాగుంది సిస్టర్. బీపీ మాత్ర ఇంకా వేసుకుంటోంది. మళ్ళీ కడుపు వస్తే మూడో నెల దాటగానే చిన్న డోసు ఆస్పిరిన్ మొదలుపెడతామన్నారు.

ఎమ్మిగనూరు అన్న:
బ్లీడింగ్ మరీ ఎక్కువ కాలేదన్నారు, కొంచెం ధైర్యం వచ్చింది. బాలింతకు నీళ్ళు ఇవ్వకూడదని అమ్మ గ్లాసు దాచేస్తోంది. ఇంకో పెద్దామె కిడ్నీ కడుక్కుపోవాలంటే నీళ్ళు బాగా తాగించమంటోంది.

లేబర్ రూమ్ సిస్టర్:
రెండూ వద్దు. మూత్రం రానప్పుడు నీళ్ళు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. రోజుకు ఎన్ని ఎంఎల్ అని డాక్టర్ గారిని అడిగి అంతే ఇవ్వండి. పడుకుంటే ఆయాసం వస్తోందంటే వెంటనే సిస్టర్‌ను పిలవండి.

ఎమ్మిగనూరు అన్న (నాలుగు రోజుల తర్వాత):
రెండు డయాలసిస్‌లు అయ్యాయి. యూరిన్ ఎంత వచ్చిందో క్యాలెండర్ వెనక రోజూ రాసి పెడుతున్నా: 60, 90, 240, ఈ రోజు 700 ఎంఎల్. రంగు కూడా తేలింది. పాపను తెచ్చి చూపించారు. అమ్మ అన్నం తింది.