పొగడ్త నాకు, జవాబు మా అమ్మది. మీ ఇళ్ళలోనూ ఇంతేనా?

రంగులడబ్బా:
ఎవరైనా నా బొమ్మలు బాగున్నాయంటే నేను నోరు తెరిచేలోపే మా అమ్మ అందుకుంటుంది. "ఆ, ఏముందిలెండి, ఖాళీగా ఉండి గీస్తుంటుంది. అసలు కళ వాళ్ళన్నయ్య చేతిలో ఉంది, వాడు మానేశాడు గానీ" అంటుంది. దాంతో వచ్చినవాళ్ళు అన్నయ్య గురించి అడగడం మొదలుపెడతారు. నేను పక్కనే నిలబడి ఉంటాను.

త్వరలో నా బొమ్మలతో చిన్న ప్రదర్శన ఉంది. అమ్మ కూడా వస్తుంది. ముందే కూర్చోబెట్టి మాట్లాడాలా? లేక అక్కడ అందరి ముందు అలా అన్నప్పుడు చూసుకోవాలా, అప్పుడైతే ఏమనాలి? ఇది అమ్మ మీద ఫిర్యాదు కాదు. నేను గీస్తుంటే రాత్రుళ్ళు నాతోపాటు మేలుకుని కూర్చునేది ఆవిడే. అందుకే నాకు అర్థం కావడం లేదు.

చిన్నకోడలు:
మీకు అమ్మ, నాకు అత్తగారు. "ఇల్లు ఎంత నీట్‌గా పెట్టుకున్నావమ్మా" అని ఎవరైనా అంటే "నేను నేర్పిందేగా" అంటారావిడ. ఉద్యోగం చేసుకుంటూ సెలవురోజు పొద్దున్నే లేచి అలమరాలన్నీ సర్దేది నేను. మీ అమ్మగారు తగ్గించి మాట్లాడుతున్నారంతే, తన ఖాతాలో వేసుకోవడం లేదు. మీ పరిస్థితే నయం.

నిప్పురవ్వ:
చిన్నకోడలు గారూ, ఎవరి బాధ నయమో పోటీ ఎందుకండీ? పరాయింటి నుంచి వచ్చినావిడ లాక్కుంటే కోపం వస్తుంది, కన్నవాళ్ళు తీసిపారేస్తే మన మీద మనకే అనుమానం వస్తుంది. నాకు ర్యాంకు వచ్చినప్పుడు ఫోన్ చేసిన ప్రతివాళ్ళతో మా నాన్న "ఈసారి పేపర్ తేలిగ్గా వచ్చిందట" అన్నారు. ఆ మాట నేనెప్పుడూ అనలేదు. ఈరోజుకీ ఎవరైనా నా చదువు గురించి మెచ్చుకుంటే ముందు నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

చిన్నకోడలు:
పరాయింటి నుంచి వచ్చింది ఆవిడ కాదు, నేను. అక్కడే మీకు నా సమస్య అర్థం కాలేదని తెలుస్తోంది.

పాతకలం:
అమ్మాయీ, పెద్దవాళ్ళ వైపు నుంచి ఒక మాట విను. మన బిడ్డను ఎవరో పొగిడితే అవునని తలూపడం మనల్ని మనం పొగుడుకోవడమే. భారతంలో, కర్ణపర్వంలో, కృష్ణుడు అర్జునుడికి ఏం చెప్పాడు? తనను తాను పొగుడుకోవడం ఆత్మహత్యతో సమానమని. మీ అమ్మ మాటలో వినయం ఉంది, అవమానం లేదు. ప్రదర్శన పెట్టుకుని ఆవిడకు పాఠాలు చెప్పకు.

తెల్లకాగితం:
కోపగించుకోకండి పెద్దవారూ, కథ సగమే చెప్పారు. గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యమని ధర్మరాజు అంటాడు. అలా అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడి ప్రతిజ్ఞ. పెద్దవాణ్ణి తూలనాడితే చంపినట్టే, ఆ మాటతో ప్రతిజ్ఞ తీర్చుకోమని కృష్ణుడు చెబుతాడు. అన్నను తిట్టాక ఆ పాపం భరించలేక అర్జునుడు చావబోతే, అప్పుడు వస్తుంది ఆత్మస్తుతి మాట. అర్జునుడు తన గొప్ప తన నోటితోనే చెప్పుకున్నాడు. ఇక్కడ ఈ అమ్మాయి బొమ్మల్ని మెచ్చుకున్నది బయటివాళ్ళు. రెండూ ఒకటెలా అవుతాయి? మాటతో మనిషిని చంపవచ్చని కూడా ఆ కథే చెబుతోంది. మీరు దాన్ని వదిలేశారు.

పాతకలం:
అది పెద్దలను అవమానించడం గురించి. తల్లి కూతుర్ని అనడం గురించి కాదు. తల్లీబిడ్డల మధ్య నీదీ నాదీ అని ఉండదు.

నిప్పురవ్వ:
అవమానం పెద్దలకే జరుగుతుందా? చిన్నవాళ్ళకు జరగదా? నీదీ నాదీ లేనప్పుడు కూతురి సంతోషం మాత్రం తల్లిది ఎందుకు కాకుండా పోయింది? ఇలాంటి మాటలు విని విని విసుగొచ్చింది.

గడియారం:
సుమతీ శతకం అందరం చదువుకున్నాం. కొడుకు పుట్టినప్పుడు కాదు, జనం వాణ్ణి చూసి పొగిడిన రోజే తండ్రికి పుత్రోత్సాహం అన్నాడు. ఆ సంతోషం తప్పు కాదని మన పద్యమే చెబుతుంటే దాన్ని దాచుకోవడం వినయం ఎలా అవుతుంది?

పాతకలం:
పొందమన్నాడు, చాటింపు వెయ్యమనలేదు.

గడియారం:
"సంతోషమండీ" అని ఒక్క మాట అంటే చాటింపు అయిపోతుందా?

కిటికీసీటు:
నా సంగతి ఇంకో రకం. నేను కష్టపడి వ్యాయామం చేసి బరువు తగ్గాను. ఎవరైనా బాగున్నావంటే మా పిన్ని "ఆఫీసు టెన్షన్ వల్లండీ, నిద్ర లేదు పాపం" అంటుంది. ఇక వాళ్ళంతా నన్ను డాక్టర్ దగ్గరికి వెళ్ళమంటారు. దీనికేం చేయాలో కూడా ఎవరైనా చెప్పండి.

మాటలపిచ్చి:
సంభాషణల విశ్లేషణే నా పరిశోధనాంశం, కాబట్టి ఇక్కడ నడుస్తున్న వాదన ఎక్కడ దారి తప్పిందో చెప్పగలను. 1978లో అనిటా పొమెరాంట్జ్ అనే పరిశోధకురాలు, పొగడ్తకు మనుషులు ఎలా జవాబిస్తారో రాసింది. ఎదుటివాళ్ళ మాటను కాదనకూడదు, సొంత డప్పు కొట్టుకోకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదరవు. అందుకే పొగడ్తను తగ్గిస్తారు, ఇంకొకరి మీదికి మళ్ళిస్తారు, లేదా ఎదుటివాళ్ళనే తిరిగి పొగుడుతారు. ఆమె పరిశీలించింది అమెరికాలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళని. కాబట్టి ఇదేదో మన పెద్దవాళ్ళకే ఉన్న సుగుణమో దుర్గుణమో కాదు.

1983లో జెఫ్రీ లీచ్ అనే భాషావేత్త మర్యాద సూత్రాలు చెబుతూ, నిన్ను నువ్వు తక్కువ పొగుడుకో, ఎదుటివాళ్ళను ఎక్కువ మెచ్చుకో అని రెండు విడివిడిగా పెట్టాడు. ఈ అమ్మగారు మొదటి సూత్రాన్ని కూతురికి వర్తింపజేస్తున్నారు, కూతురంటే తానే అన్నట్టు. కానీ కూతురు వేరే మనిషి. రెండో సూత్రంలోకి రావాలి. చిక్కంతా అక్కడుంది.

నిప్పురవ్వ:
ఇదే కదా నేను ఇందాక రెండు ముక్కల్లో అన్నది. దానికి 1978 దాకా వెళ్ళాలా?

మాటలపిచ్చి:
మీరు కోపంతో అన్నారు, నేను ఆధారంతో అన్నాను.

ఇద్దరుపిల్లలు:
నేను తల్లిని. మా చిన్నదాన్ని ఎవరైనా తెలివైన పిల్ల అంటే నాకు భయమేస్తుంది, తలకెక్కి చదవడం మానేస్తుందేమోనని. అందుకే "అల్లరి కూడా అంతే ఉంది" అంటాను. అది తప్పా?

మాటలపిచ్చి:
మీ భయానికి కొంత ఆధారం ఉంది. 1998లో ముల్లర్, డ్వెక్ అనే మనస్తత్వ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో తెలివిని మెచ్చుకున్న పిల్లలు తర్వాత ఎక్కువగా తేలిక పనులే ఎంచుకున్నారు, ఓడిపోగానే నీరసపడ్డారు. కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలు నిలబడ్డారు. అలాగని పొగడ్తను కొట్టెయ్యమని కాదు. "అవునండీ, ఆ లెక్క వచ్చేదాకా వదల్లేదు" అనండి. పాప వింటోందని మరిచిపోకండి.

తెల్లకాగితం:
ఈ ఒక్క జవాబు మాత్రం బాగుంది. అల్లరి మాట పాపకు శిక్షలా వినపడుతుంది.

పెద్దక్క:
అసలు అడిగిన అమ్మాయిని అందరూ వదిలేశారు. చెల్లీ, రెండూ చెయ్యాలి. ముందే మాట్లాడు, కానీ "నువ్వు ఇలా అనకు" అని మొదలుపెట్టకు. అలా అంటే "నేనేమన్నానే ఇప్పుడు" దగ్గరే ఆగిపోతారు. ఆవిడకు చెప్పడానికి ఒక నిజమైన మాట నువ్వే ఇవ్వు. "అమ్మా, ఎవరైనా బొమ్మల గురించి అడిగితే రాత్రుళ్ళు నాతో మేలుకున్నావు కదా, ఆ సంగతి చెప్పు" అను. అది ఆవిడ గొప్పా అవుతుంది, నీ కష్టమూ బయటికొస్తుంది. మెచ్చుకోగానే ఏదో ఒకటి అనకపోతే బాగోదని చాలామంది తల్లులు చేతికందిన మాట అనేస్తారు.

ఇక అక్కడ ఎవరైనా మెచ్చుకుంటే వెంటనే నువ్వే "థాంక్సండీ, వీటిలో ఏది నచ్చింది?" అని అడుగు. ప్రశ్న వేస్తే మాట నీ దగ్గరే ఉంటుంది. మా చెల్లి పాడినప్పుడల్లా చేసేది ఇదే. మధ్యలో దూరడానికి మా అమ్మకు సందు దొరకదు. అవునూ, మీ అన్నయ్య ఏమంటాడు?

పాతకలం:
ఈ సలహా పద్ధతిగా ఉంది. తల్లిని తక్కువ చెయ్యలేదు.

నిప్పురవ్వ:
కూతురు రోజూ ఎందుకు ఇంత జాగ్రత్తగా ఏర్పాట్లు చేసుకోవాలి? పెద్దవాళ్ళు మారాల్సిన అవసరం లేదా?

రంగులడబ్బా:
అందరికీ థాంక్స్. పెద్దక్కా, రాత్రుళ్ళు మేలుకున్న సంగతి చెప్పమనడం నాకు తట్టలేదు, ఈ వారమే అడుగుతాను. అన్నయ్య సంగతి అడిగారుగా. వాడికి ఇది నాకంటే ఎక్కువ ఇబ్బంది. మానేసిన పనికి పొగిడించుకోవడం ఎవరికి బాగుంటుంది? నా బొమ్మల గురించి వచ్చినవాళ్ళతో తనే మాట్లాడతానన్నాడు. నిప్పురవ్వ గారూ, మీ నాన్నగారి మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ ర్యాంకు మీదే.

నిప్పురవ్వ:
ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. థాంక్సండీ.

చిన్నకోడలు:
మరి మా అత్తగారి గురించి?

పెద్దక్క:
"నేను నేర్పిందేగా" అన్నప్పుడు కాదనకండి. "అవునండీ, అలమరాలు సర్దడం మాత్రం నా పద్ధతి, చూపిస్తాను రండి" అని వచ్చినవాళ్ళను లేపి లోపలికి తీసుకెళ్ళండి.