ఆడమ్ వార్టన్ ఆటలో అసలు ప్రత్యేకత ఏమిటి?

ప్రశ్న:

2025 మే 17న వెంబ్లీలో మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బు ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లోని ఎఫ్‌ఏ కప్ గెలుచుకున్న మ్యాచ్ చూసినప్పటి నుంచి ఈ సందేహం నన్ను వదలడం లేదు. ఆ రోజు గోల్ చేసిన ఎజే గురించీ, పెనాల్టీని ఆపిన గోల్‌కీపర్ హెండర్సన్ గురించీ అందరూ మాట్లాడారు, అందులో అన్యాయం ఏమీ లేదు. అయితే ఆట లోతుగా తెలిసినవారు మాత్రం మిడ్‌ఫీల్డ్‌లో ఆడిన ఆడమ్ వార్టన్ పేరునే ముందుగా ప్రస్తావిస్తున్నారు. 2004లో పుట్టిన ఈ కుర్రవాడు 2023-24, 2024-25 సీజన్లలో ప్యాలెస్ తరఫున ప్రీమియర్ లీగ్‌లో, అంటే ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్‌లో, ఒక్క గోల్ కూడా చేయలేదు. మెరుపు వేగం ఉన్నవాడు కాదు, ప్రత్యర్థులను వరుసగా తప్పించుకుంటూ దూసుకుపోయే రకమూ కాదు. అలాంటివాడు రెండో డివిజన్ నుంచి వచ్చిన నాలుగు నెలలకే ఇంగ్లండ్ జాతీయ జట్టుకు ఎలా ఆడగలిగాడు? అతని ఆటలో నేను గమనించలేకపోతున్నది ఏమిటో, చాలాకాలంగా చూస్తున్నవారు వివరిస్తే సంతోషిస్తాను.

సమాధానం 1:

ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు బంతిని కాసేపు వదిలేసి, వార్టన్ తలను మాత్రమే గమనించండి. బంతి ఇంకా డిఫెండర్ కాళ్ల దగ్గర ఉండగానే అతను భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూస్తాడు. పాస్ తన వైపు బయలుదేరాక మళ్లీ ఒకసారి చూస్తాడు. అందువల్ల బంతి అందే సమయానికి ఎవరు ఎక్కడ ఉన్నారో అతనికి ముందే తెలిసి ఉంటుంది. శరీరాన్ని ఓరగా తిప్పి ఉంచుతాడు కాబట్టి బంతిని ఆపి, తిరిగి, ఆ తర్వాత ఆలోచించవలసిన అవసరం ఉండదు. ఒక్క స్పర్శతోనే ఎడమ కాలితో ఇద్దరు ప్రత్యర్థుల మధ్య నుంచి ముందుకు పంపేస్తాడు. చాలామంది యువ మిడ్‌ఫీల్డర్లు ఇదే చోట భద్రత కోసం పక్కకో వెనక్కో పాస్ ఇస్తారు, దానికి ఎవరూ తప్పుపట్టరు కూడా. వార్టన్ మాత్రం ముందుకు దారి ఉందా అనే ముందుగా వెతుకుతాడు.

అతను ఎడమ కాలి ఆటగాడు కావడం కూడా చిన్న విషయం కాదు. ఇద్దరు మిడ్‌ఫీల్డర్లలో ఎడమ పక్కన ఆడేటప్పుడు, మైదానం మధ్య నుంచి వచ్చే ప్రత్యర్థికి దూరంగా ఉన్న కాలితోనే అతను బంతిని అదుపులో ఉంచుకోగలడు. వెనుక ఎడమవైపు డిఫెండర్ గేహీ నుంచి బంతి తీసుకుని, ముందున్న ఎజేకు నేరుగా అందించే ఆ దారి ప్యాలెస్ దాడులకు ఎంతగా ఉపయోగపడిందో మాటల్లో చెప్పడం కష్టం. ఎజే చేసినవన్నీ అందరికీ కనిపించాయి. అవి మొదలైన చోటు మాత్రం చాలాసార్లు కెమెరా దాటిపోయింది.

సమాధానం 2:

పై వివరణతో ఏకీభవిస్తూ, ఆ అలవాటు ఎక్కడ పెరిగిందో చెప్పాలనిపించింది. వార్టన్ సొంత ఊరు బ్లాక్‌బర్న్. ఆరేళ్ల వయసు నుంచి బ్లాక్‌బర్న్ రోవర్స్ అకాడమీలోనే పెరిగాడు, అన్న స్కాట్ అదే క్లబ్బులో డిఫెండర్. 2022 ఆగస్టులో హార్టల్‌పూల్‌తో జరిగిన లీగ్ కప్ మ్యాచ్‌తో సీనియర్ జట్టులోకి వచ్చాడు. అప్పటి మేనేజర్ యోన్ డాల్ టొమాసన్ బంతిని గాల్లోకి కొట్టకుండా వెనుక నుంచి పాస్‌లతో ముందుకు తీసుకురావాలని కోరుకునే మనిషి. బ్లాక్‌బర్న్ ఆడే రెండో డివిజన్ చాంపియన్‌షిప్‌లో 24 జట్లు, ఒక్కో జట్టుకు 46 లీగ్ మ్యాచ్‌లు. మంగళవారం, శనివారం అని లేకుండా సాగే ఆ ఒరవడిలో 18 ఏళ్ల కుర్రవాడికి నిర్ణయాలు త్వరగా తీసుకోక తప్పదు. పెద్ద క్లబ్బు రిజర్వ్ జట్టులో కూర్చుని ఉంటే ఈ పదును వచ్చేదని నేను అనుకోను.

అతన్ని అమ్మడం వెనుక డబ్బు ఇబ్బంది కూడా ఉంది. బ్లాక్‌బర్న్ యజమానులు మన దేశపు కోళ్ల పరిశ్రమ సంస్థ వెంకీస్ వారేనన్న సంగతి మనలో చాలామందికి తెలుసు. ఆ కాలంలో వారు ఇంగ్లండ్‌కు నిధులు పంపాలంటే భారతదేశంలో కోర్టు అనుమతి తీసుకోవలసి వచ్చింది. 2024 ఫిబ్రవరి 1న సుమారు కోటీ 80 లక్షల పౌండ్లకు వార్టన్ ప్యాలెస్‌కు వెళ్లిపోయాడు. కొద్ది రోజులకే టొమాసన్ కూడా పదవి వదిలాడు. క్లబ్బు అభిమానులకు అది ఇప్పటికీ మానని గాయమే.

సమాధానం 3:

ప్రతిభను కాదనను గానీ, పరిస్థితులు కలిసివచ్చిన తీరును కూడా లెక్కలోకి తీసుకోవాలి. వార్టన్ చేరిన మూడు వారాల లోపే ప్యాలెస్ మేనేజర్ రాయ్ హాడ్జ్‌సన్ స్థానంలో ఆలివర్ గ్లాస్నర్ వచ్చి జట్టును 3-4-2-1 పద్ధతిలోకి (వెనుక ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు, అందరికంటే ముందు ఒకరు) మార్చాడు. బంతి గెలవగానే ముందుకు పంపమనే మేనేజర్, పరుగు తీయడానికి ఎజే, ఒలీసే, మతేటా లాంటివారు సిద్ధంగా ఉండటం, ఇవి రెండూ ఒకేసారి దొరకడం ఏ యువ ఆటగాడికైనా అరుదైన అదృష్టం. ఆ సీజన్ చివరి ఏడు మ్యాచ్‌లలో ప్యాలెస్ ఆరు గెలిచింది. మాంచెస్టర్ యునైటెడ్‌పై 4-0, ఆస్టన్ విల్లాపై 5-0 ఫలితాలు అప్పటివే. 2024 జూన్ 3న బోస్నియాపై అతను ఇంగ్లండ్‌కు తొలిసారి ఆడాడు, జర్మనీలో జరిగిన యూరో (ఐరోపా దేశాల చాంపియన్‌షిప్) జట్టులోకీ ఎంపికయ్యాడు.

కానీ అక్కడ ఇంగ్లండ్ మేనేజర్ సౌత్‌గేట్ అతన్ని ఒక్క నిమిషం కూడా ఆడించలేదు. మిడ్‌ఫీల్డ్‌లో రైస్ పక్కన మొదట అలెగ్జాండర్-ఆర్నాల్డ్‌ను, తర్వాత గాలగర్‌ను, చివరికి మైనూను ప్రయత్నించాడు. ఆ జట్టుకు లోపించింది ముందుకు వెళ్లే పాస్ అయినప్పుడు, అది ఇవ్వగలవాడు బెంచి మీదే ఉండిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఆ తర్వాత 2024 నవంబరులో గజ్జల భాగంలో శస్త్రచికిత్స జరిగి కొత్త సంవత్సరం వరకు ఆటకు దూరమయ్యాడు. సన్నని శరీరం, వరుస మ్యాచ్‌ల భారం: నాకున్న అసలు సందేహం ఇక్కడే.

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. అయితే ఒక పెద్ద క్లబ్బు పిలిస్తే వెళ్లడం అతనికి మంచిదేనా? ప్యాలెస్‌తో ఒప్పందం 2029 వరకు ఉందని చదివాను.

సమాధానం 1 రాసినవారు:

ఏ క్లబ్బు అన్నదాని కంటే, అతని పక్కన ఎవరు ఆడతారు, ముందు ఎవరు పరిగెత్తుతారు అన్నవి చూసుకోవాలి. ప్యాలెస్‌లో లెర్మా, హ్యూజ్, కమాడాలలో ఎవరు పక్కన ఉన్నా బంతి కోసం పోరాడే పనిలో కొంత వారు పంచుకున్నారు. అలాంటి తోడు లేకుండా, ప్రత్యర్థులు అందరూ వెనక్కి తగ్గి గోడ కట్టే మ్యాచ్‌లలో ప్రతి వారం బంతిని అటూ ఇటూ తిప్పే పని అతనికి అప్పగిస్తే, వార్టన్‌కు ఉన్న అతి పెద్ద బలమే వాడకుండా పోతుంది. నా మటుకు, అటువంటి చోటికి వెళ్లడం కంటే ఇంకొక సీజన్ ఇక్కడే పూర్తి ఆరోగ్యంతో ఆడటం మేలు.