"సాఫ్ట్‌వేర్" కొడితే ట కింద వ వత్తు పడుతోంది

ప్రశ్న:
ఆండ్రాయిడ్ ట్యాబ్, జీబోర్డు, తెలుగు అక్షరాల లేఅవుట్. "సాఫ్ట్‌వేర్" కావాలంటే "సాఫ్ట్వేర్" పడుతోంది. మధ్యలో స్పేస్ ఇస్తే రెండు ముక్కలవుతోంది. ఇంకోటి, ఒక ఫైల్లో "పుస్తక౦" కళ్లెదుటే ఉన్నా వెతికితే దొరకట్లేదు. ఎందుకంటారు?

జవాబు 1:
కీబోర్డు తప్పు కాదండీ. ఫోన్లు, కంప్యూటర్లు ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చి దాచుకునే పద్ధతి యూనికోడ్. యూనికోడ్‌లో తెలుగు వత్తులకు విడిగా కోడ్లు లేవు. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు వరుసగా పడితే రెండో హల్లు వత్తుగా మారుతుంది. "స్త్రీ" అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: మొత్తం ఆరు. మీ మాటలోనూ ట, పొల్లు, వ పక్కపక్కనే పడ్డాయి. ఆ పొల్లుకీ వ కీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ (యూ+200సి) ఉండాలి. కంటికి కనిపించదు, చోటు తీసుకోదు, పొల్లును పొల్లుగానే నిలబెడుతుంది.

జవాబు 2:
దాన్ని ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు. మీ ప్రశ్నలోని మొదటి "సాఫ్ట్‌వేర్"నే కాపీ చేయండి. జీబోర్డు సెట్టింగ్స్‌లో డిక్షనరీ, పర్సనల్ డిక్షనరీ, తెలుగు, ప్లస్ గుర్తు. మాట గడిలో పేస్ట్ చేసి, షార్ట్‌కట్ గడిలో "సాఫ" అని ఇవ్వండి. ఇకపై "సాఫ" కొడితే పైన సూచనల్లో పూర్తి మాట వస్తుంది, దాన్ని నొక్కడమే. ఫేస్‌బుక్, హార్డ్‌వేర్ కూడా ఇలాగే చేర్చుకోండి. చెరిపేటప్పుడు ఒక నొక్కుకి ఏమీ పోనట్టు అనిపిస్తే, పోయింది ఆ కనిపించనిదే.

గుణింతపు గుర్తుకు ముందు మాత్రం దాన్ని ఇరికించకండి. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చిన "జ్ఞా"లో జరిగింది అదే, ఞ తర్వాత, దీర్ఘానికి ముందు ఇది ఉంది. 11.2.6తో సర్దారు.

జవాబు 3:
రెండోది వేరే గొడవ. మీ "పుస్తక౦" చివర ఉన్నది సున్న (యూ+0సి02) కాదు, తెలుగు అంకెల్లోని సున్నా (యూ+0సి66). చాలా ఫాంట్లలో రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో మార్చండి, కానీ "రీప్లేస్ ఆల్" నొక్కొద్దు. ౧౦, ౨౦ లాంటి నిజమైన అంకెలుంటే అవీ పాడవుతాయి.

అడిగినవారు:
దొరికింది, అంకే! మరి "ఫోన్లో" అన్నచోట కూడా ఆ కనిపించనిది పెట్టాలా?

జవాబు 1:
"ఫోన్లో", "ఫోన్‌లో" రెండూ వాడుకలో ఉన్నవే. ఒక వ్యాసంలో ఏదో ఒకటే వాడండి, లేకపోతే వెతికినప్పుడు సగమే దొరుకుతాయి.