పద్మినిలో పాత పెట్రోల్ పైపులు మార్చాలి: ఏ పైపు కొనాలి?

మల్లేశ్వరం పద్మిని:
నాది 1984 ప్రీమియర్ పద్మిని కారు. పెట్రోల్ పంపు నుంచి కార్బురేటర్‌కి (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) వెళ్లే రబ్బరు పైపుని వంచితే సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి. పొద్దున బానెట్ ఎత్తగానే పెట్రోల్ వాసన వస్తోంది, తడి మాత్రం లేదు. హైవే మీద స్పీడ్ అందుకోగానే ఆగిపోయి, పది నిమిషాలకి మళ్లీ స్టార్ట్ అవుతోంది. బెంగళూరు జేసీ రోడ్డులో ఒక షాపులో మామూలు నల్ల పైపు, ఇంకో షాపులో పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పైపు చూపించారు. ఏది తీసుకోవాలి? ఆ ఒక్క ముక్క మారిస్తే చాలా?

కార్బురేటర్ కబుర్లు:
ఒక్క ముక్కతో సరిపెట్టకండి. ట్యాంకు దగ్గర ఉన్నదీ, పంపుకి ముందున్నదీ అదే వయసువి. ట్యాంకు నుంచి పంపు దాకా పెట్రోల్ పీల్చుకునే వైపు. అక్కడ పగులుంటే బయటికి చుక్క కారదు, గాలే లోపలికి పోతుంది, పంపుకి పెట్రోల్ అందదు. స్పీడ్‌లో ఆగిపోవడానికి ఇంకో కారణం పైపు లోపలి పొర ఊడి తలుపు రెక్కలా అడ్డుపడటం. నిదానంగా పోయేటప్పుడు సరిపోయేంత వస్తుంది, ఎక్కువ లాగగానే మూసుకుంటుంది. తీసిన పైపుని నిలువునా చీల్చి చూడండి, తెలిసిపోతుంది. అదే ఎండలో ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు మాత్రమే ఆగితే పెట్రోల్ ఆవిరై అడ్డుపడుతోందని అనుమానించాలి.

పారదర్శక ప్లాస్టిక్ వద్దు, ఇంజిన్ వేడికీ పెట్రోల్‌కీ గట్టిపడి బిగింపు వదులుతుంది. రేడియేటర్ నీళ్ల పైపు అసలే వద్దు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపినది కాబట్టి పైపు మీద ‘ఎస్ఏఈ జే30 ఆర్9’ అనే పెట్రోల్ పైపుల ప్రమాణం గుర్తు అచ్చు ఉందా చూడండి. దానికి లోపల ఫ్లోరో రబ్బరు పొర ఉంటుంది. ఆర్6, ఆర్7 చవకే, కానీ అవి నైట్రైల్ రబ్బరువి, ఇథనాల్‌కి అంత తట్టుకోవు. సైజు ఊహించొద్దు, రబ్బరు పైపు ఎక్కే ఇనుప పైపు బయటి వ్యాసం వెర్నియర్‌తో (మిల్లీమీటర్లలో కచ్చితంగా కొలిచే పనిముట్టు) కొలవండి. 6 మిల్లీమీటర్ల ఇనుప పైపుకి 8 మిల్లీమీటర్ల రబ్బరుది వేసి క్లిప్పుతో బిగిస్తే రబ్బరు ముడతపడి, ఆ ముడతలోంచే కారుతుంది.

జయనగర్ గ్యారేజ్:
పని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చేయండి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో మాత్రం వద్దండీ. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి, మంటలార్పే సిలిండర్ పక్కనే ఉంచుకోండి.

పాత పైపుని గుంజొద్దు. కార్బురేటర్‌లోకి పెట్రోల్ వెళ్లే ఇత్తడి గొట్టం చాలా వాటిల్లో నొక్కి బిగించినదే, మర ఉండదు. గుంజితే కదిలిపోతుంది, తర్వాత ఎప్పుడో నడుస్తుండగా ఊడి వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్ముతుంది. బ్లేడుతో పైపుని నిలువుగా కోసి ఒలిచేయండి, ఇత్తడి మీద గీత పడకుండా. కొత్తది కోసేటప్పుడూ బ్లేడే. హ్యాక్సాతో కోస్తే రబ్బరు పొడి, కార్బురేటర్‌లోకి పెట్రోల్ రాకని ఆపే నీడిల్ వాల్వ్‌లో ఇరుక్కుని కార్బురేటర్ పొంగుతుంది. గొట్టం మీద కనీసం 20 మిల్లీమీటర్లు ఎక్కాలి, క్లిప్పు గొట్టం ఉబ్బుకి వెనకాల కూర్చోవాలి.

మల్లేశ్వరం పద్మిని:
థాంక్స్ అన్నా. క్లిప్పులు పాతవే వాడొచ్చా?

జయనగర్ గ్యారేజ్:
వద్దు. పట్టీలో గాడి చీలికలుండే రకం రబ్బరుని కోస్తుంది. లోపలి వైపు నున్నగా, అంచులు పైకి మడిచి ఉన్న పెట్రోల్ పైపు క్లిప్పులు అడగండి. రబ్బరు పట్టీ పక్కన ఉబ్బి పైకి వస్తోందంటే ఎక్కువ బిగించినట్టే.

కార్బురేటర్ కబుర్లు:
ఇంకొకటి. ఇథనాల్ ట్యాంకులో పాత మడ్డిని కదిలిస్తుంది. పంపుకి ముందు పారదర్శక ఫిల్టరు పెట్టి, మొదటి 500 కిలోమీటర్లలో తరచూ చూడండి, గోధుమరంగు మడ్డి చేరితే మార్చేయండి. పంపులోని డయాఫ్రమ్ (పెట్రోల్‌ని లాగి తోసే పల్చటి పొర) కూడా పాతదైతే అది మార్చాకే కొత్త పైపులు వేయండి. అంతా అయ్యాక పంపు చేతి లివర్‌తో కార్బురేటర్ నింపి, పది నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, ప్రతి జాయింటు చుట్టూ టిష్యూ ముక్క చుట్టి తడి అంటుతోందేమో చూడండి. మర్నాడు చల్లారాక క్లిప్పుల బిగింపు ఇంకోసారి చూసుకోండి.